ఆరిలోవ లాంటి చిన్న ప్రాంతానికి కుటుంబ ఆదాయం, ఇంటికి ఎంతమంది అన్నది ఎలా లెక్కకట్టాలి?

కొండవాలు_అరుణ
నెల రోజులుగా ఒకే కాగితం పట్టుకుని తిరుగుతున్నాను. విశాఖపట్నం ఆరిలోవ కొండవాలులో మేం ఐదుగురు ఆడవాళ్ళం కలిసి మూడేళ్ళలోపు పిల్లలకి ఒక శిశు కేంద్రం పెట్టాలనుకున్నాం. మా దగ్గర చాలామంది హెల్త్ సిటీ ఆసుపత్రుల్లో ఆయాలుగా, హౌస్‌కీపింగ్‌లో పనిచేస్తారు. ఉదయం షిఫ్టుకి చీకటితోనే బయల్దేరాలి. పిల్లల్ని పక్కింటి ముసలమ్మ దగ్గర వదిలి వెళ్తున్నారు. గది దొరికింది, చూసుకునే మనుషులున్నారు. డబ్బు కోసం ఒక దాతల సంస్థకి రాస్తే కాగితాలు తిప్పి పంపారు. మీ ప్రాంతంలో సగటు కుటుంబ ఆదాయం ఎంత, ఇంటికి సగటున ఎంతమంది, దానికి ఆధారం ఏమిటి అని అడిగారు.

జిల్లా లెక్కలున్నాయి, రాష్ట్రం లెక్కలున్నాయి. మా కొండకి లెక్క ఎక్కడ దొరుకుతుంది? మేమే 40 ఇళ్ళు తిరిగి అడిగాం, సగటు 18 వేలు వచ్చింది. "40 ఇళ్ళతో ఏం తెలుస్తుంది" అన్నారు. నిజంగా ఏమీ తెలియదా?

మధురవాడ_ఫ్లాట్303
జనగణనలో ఉంటుంది కదా. వార్డువారీగా ఇస్తారు.

లెక్కల_మాస్టారు
జనగణన ఆదాయం అడగదు, ఎప్పుడూ అడగలేదు. ఇంటి కప్పు దేనితో వేశారు, గదులెన్ని, మరుగుదొడ్డి ఉందా, ఏ ఇంధనంతో వండుతారు, టీవీ, స్కూటరు, కారు ఉన్నాయా, ఇంట్లో పెళ్ళయిన జంటలెన్ని అని అడుగుతుంది. 2011లో ఇవన్నీ వార్డు స్థాయిలో ఇచ్చారు. కాబట్టి ఇంటికి ఎంతమంది అన్నది తేలుతుంది, ఆదాయానికి మాత్రం ఆనవాళ్ళే దొరుకుతాయి.

చిక్కు ఇంకోటుంది. 2011 నాటికి జీవీఎంసీలో, అంటే మన మహా విశాఖ నగరపాలక సంస్థలో, 72 వార్డులు. తర్వాత అనకాపల్లి, భీమిలి కలిశాయి. 2021 ఎన్నికలు 98 వార్డులకి జరిగాయి. పాత గీతలు వేరు, కొత్త గీతలు వేరు. పాత వార్డు నంబరు చూసి కొత్త వార్డుకి అంకె తగిలిస్తే ఇంకో కాలనీ లెక్క మీకు వస్తుంది.

పాతపోస్టాఫీసు
2021లో జరగాల్సిన జనగణన కరోనా వల్ల ఆగిపోయింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్నారు. ఇళ్ళ జాబితా పని 2026 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు మధ్య. వార్డు పట్టికలు చేతికి రావడానికి ఇంకా టైము పడుతుంది. అరుణగారి పిల్లలు అప్పటికి బడికి వెళ్ళిపోతారు.

గాజువాక_బుల్లెట్
ఇంత తంటా ఎందుకు? కేంద్రం వాళ్ళ వినియోగ వ్యయ సర్వే ఉంది. 2023-24లో పట్టణాల్లో మనిషికి నెలకి సగటున 6,996 రూపాయల ఖర్చు. ఇంటికి నలుగురనుకుంటే 28 వేలు. రాసి పంపేయండి.

లెక్కల_మాస్టారు
బుల్లెట్ బాబూ, అది దేశంలోని పట్టణాలన్నిటి సగటు. అందులో ముంబయి ఉంది, డబ్బున్నవాళ్ళుండే మన డాస్‌పల్లా హిల్స్ కూడా ఉంది. పైగా అది ఖర్చు, ఆదాయం కాదు. నాలుగుతో గుణించడంలో ఇంకో తప్పుంది. ఇంట్లో మనుషులు పెరిగేకొద్దీ తల ఖర్చు తగ్గుతుంది. ఒకే గ్యాసు, ఒకే అద్దె, ఒకే ఫ్యాను. ఇద్దరుండే ఇంటి తల ఖర్చునీ ఆరుగురుండే ఇంటి తల ఖర్చునీ ఒకటే అనుకుంటే పెద్ద కుటుంబాలన్నీ ఉన్నదానికంటే డబ్బున్నవాళ్ళలా కనిపిస్తాయి.

గాజువాక_బుల్లెట్
సరే మాస్టారూ, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ సర్వేవాళ్ళు విశాఖకి కూడా వచ్చి ఉంటారు కదా. ఆ ఇళ్ళ లెక్క వాడుకోవచ్చు కదా?

లెక్కల_మాస్టారు
వచ్చారు. 2022-23లో దేశం మొత్తం మీద 2,61,746 ఇళ్ళు తిరిగారు. ఎంపిక చేసిన ఒక్కో బ్లాకులో 18 ఇళ్ళు. ఆ లెక్కన మన నగరానికి కొన్ని బ్లాకులే పడతాయి. 98 వార్డుల్లో చాలావాటికి ఒక్క ఇల్లు కూడా పడదు. అసలు కష్టమే ఇక్కడుంది. సర్వే బాగా చేస్తారు, కానీ వార్డు దాకా దిగదు. జనగణన ప్రతి గుమ్మం దాకా దిగుతుంది, కానీ ఆదాయం అడగదు. చిన్న ప్రాంతాల అంచనా అంటే ఈ రెండింటికీ ముడివెయ్యడమే.

మీటర్_రీడింగ్
కరెంటు యూనిట్లు చూస్తే సరిపోతుంది అంటాను. ఎవరి ఇల్లు ఎలా నడుస్తోందో మీటరు చెప్పేస్తుంది.

మురళీనగర్_మామ్మ
మీటరు సంగతి నన్నడుగు నాయనా. కింద ఇంటివాళ్ళు, పైన మేము, డాబా మీద రేకుల షెడ్డులో శ్రీకాకుళం నుంచి వచ్చిన జంట. మూడు పొయ్యిలు, ఒక్కటే మీటరు. ఎండాకాలంలో బిల్లు 300 యూనిట్లు దాటింది. బియ్యం కార్డుకి పెట్టిన షరతుల్లో 300 యూనిట్ల లోపు ఉండాలన్నది ఒకటి కదా. ఆ డాబా మీద పిల్లకి కార్డు ఆగిపోయింది. వాళ్ళ షెడ్డులో ఉన్నదల్లా ఒక బల్బు, ఒక టేబుల్ ఫ్యాను. నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది కడుపుతో. ఆ కోపం నాకింకా పోలేదు.

మీటర్_రీడింగ్
మామ్మగారూ, మీరు చెప్పింది కరెక్టే. మీటరు, ఇల్లు ఒకటి కావు. ఎల్.ఐ.సి. కాలనీ లాంటి చోట ఒక ఇంటికి ఒక మీటరు నడుస్తుంది, కొండవాలులో నడవదు.

పాతపోస్టాఫీసు
మామ్మగారి పోస్టు ఇంకోసారి చదవండి అందరూ. ఆదాయం కంటే ముందు తేల్చాల్సిన ప్రశ్న అందులో ఉంది. ఒక కుటుంబం అంటే ఎవరు?

జనగణన దృష్టిలో కుటుంబం అంటే సాధారణంగా కలిసి ఉంటూ ఒకే వంటగది నుంచి తినేవాళ్ళు. చుట్టరికం ఉండాలని లేదు. ఒకే గదిలో అద్దెకుండి కలిసి వండుకునే నలుగురు కుర్రాళ్ళు ఒక కుటుంబం. ఒకే డాబాలో ఉన్న అన్నదమ్ములు వేరుగా వండుకుంటే రెండు కుటుంబాలు. బియ్యం కార్డు మాత్రం పేర్ల మీద నడుస్తుంది, మీటరు తీగ మీద నడుస్తుంది, ఇంటి పన్ను గోడల మీద నడుస్తుంది. నాలుగు లెక్కల్లోనూ "ఇల్లు" అన్న మాటే ఉంటుంది, అర్థం నాలుగు రకాలు.

నేను పాతికేళ్ళు ఎన్యూమరేటర్లకి, అంటే ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్ళకి, శిక్షణ ఇచ్చాను. ఒకే మాట చెప్పేవాణ్ణి: గుమ్మాలు లెక్కపెట్టకండి, పొయ్యిలు లెక్కపెట్టండి.

జాలరిపేట_పిల్ల
పొయ్యిల లెక్క బాగుంది. మరి ఏ నెలలో లెక్కపెడతారు?

మా నాన్న బోటు మీద వాటా మనిషి. డీజిలు, ఐసు ఖర్చులు పోను మిగిలినదాంట్లో ఓనరు వాటా తీసి తక్కినది అందరూ పంచుకుంటారు. చేప పడిన వారం ఇంట్లో పండగ, పడని వారం అప్పు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలల్లో ఎవరైనా వచ్చి "పోయిన నెల ఆదాయం ఎంత" అంటే సున్నా అని చెప్పాలి. సంక్రాంతికి ముందు వచ్చి అడిగితే ఇంకో అంకె వస్తుంది. రెండూ అబద్ధాలు కావు. మా పేటలో సర్వే ఏ నెలలో చేశారో చెప్పకుండా సగటు చెప్తే నేను నమ్మను.

కొండవాలు_అరుణ
అమ్మాయీ, మా దగ్గర కూడా అంతే. తాపీ పని, సెంట్రింగ్ పని వానాకాలంలో ఉండదు. మేము అడిగింది ఆగస్టులో. ఈ ఆలోచనే రాలేదు నాకు.

ఉక్కునగరం_రిటైర్డ్
నాదొక అనుభవం. మా టౌన్‌షిప్‌లో కాలేజీ పిల్లలు ప్రాజెక్టు కోసం సర్వేకి వచ్చారు. ఒకే సెక్టారులో ఒకే టైపు క్వార్టర్లు 40 తిరిగారు. అన్ని ఇళ్ళూ ఒకే గ్రేడు, ఒకే జీతం. 40 కాగితాలు నిండాయి గానీ తెలిసింది ఒక ఇంటి సంగతే. అరుణమ్మా, మీ 40 ఇళ్ళూ ఒకే సందులో ఉన్నాయా?

కొండవాలు_అరుణ
నాలుగు సందులండి. ఒక్కో సందులో వరసగా పది.

లెక్కల_మాస్టారు
రిటైర్డ్‌గారు అసలు చోట వేలు పెట్టారు. పక్కపక్క ఇళ్ళు ఒకలాగే ఉంటాయి. ఒకే సామాజిక వర్గం, ఒకే పని, ఒకే ఊరి నుంచి వచ్చినవాళ్ళు. వరసగా పది ఇళ్ళు తీసుకుని, ఆ ఇళ్ళ మధ్య పోలిక 0.2 అనుకుందాం (అస్సలు పోలిక లేకపోతే 0, అచ్చు ఒకేలా ఉంటే 1). అప్పుడు 1 + 9 × 0.2 = 2.8. మీ 40 ఇళ్ళని 2.8తో భాగిస్తే 14. అంటే విడివిడిగా ఎంచుకున్న 14 ఇళ్ళు ఎంత చెప్తాయో, మీ 40 ఇళ్ళు అంతే చెప్తున్నాయి.

ఇళ్ళు విడివిడిగా ఎంచుకుని ఉంటే? ఆదాయాల్లో తేడా ఇంటింటికీ 12 వేల దాకా ఉందనుకోండి. 40కి వర్గమూలం సుమారు 6.3. 12 వేలని దానితో భాగిస్తే 1,900. దానికి రెట్టింపు అటూ ఇటూ. అప్పుడు మీ 18 వేలు 14,200కీ 21,800కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. మీరు వరసగా తీసుకున్నారు కాబట్టి వెడల్పు ఇంకా ఎక్కువ. కాబట్టి 40 ఇళ్ళతో ఏమీ తెలియదన్నది తప్పు. తెలిసింది ఇంత వెడల్పుగా ఉంది, అంతే. వెడల్పు సగానికి తగ్గాలంటే ఇళ్ళు రెట్టింపు చేస్తే చాలదు, నాలుగింతలు కావాలి. 160.

కొండవాలు_అరుణ
160 ఇళ్ళు ఐదుగురం ఎలా తిరుగుతాం మాస్టారూ? అందరం పనులకి వెళ్ళేవాళ్ళమే.

డేటా_దొర
160 అక్కర్లేదు. అరువు తెచ్చుకోవచ్చు. నేను చేసే పని ఇదే, కొంచెం పెద్దగా రాస్తాను.

1979లో అమెరికాలో ఫే, హెరియట్ అని ఇద్దరికి సరిగ్గా ఈ సమస్యే వచ్చింది. వెయ్యిమంది కూడా లేని చిన్న ఊళ్ళకి తలసరి ఆదాయం చెప్పాలి, నిధులు దాన్నిబట్టే పంచుతారు. ఒక్కో ఊళ్ళో సర్వేకి దొరికిన ఇళ్ళు గుప్పెడు. వాళ్ళేం చేశారంటే ప్రతి ఊరికీ రెండు అంకెలు తీసుకున్నారు. ఒకటి సర్వేలో నేరుగా వచ్చినది. రెండోది అన్ని ఊళ్ళకీ ఉన్న ఇతర వివరాల నుంచి, అంటే ఇళ్ళ విలువ, పన్ను లెక్కల లాంటివాటి నుంచి కట్టిన ఊహ. రెండింటినీ బరువులు వేసి కలిపారు. సర్వే గట్టిగా ఉన్నచోట సర్వేకి బరువు, బలహీనంగా ఉన్నచోట ఊహకి బరువు.

అరుణగారి లెక్కే తీసుకుందాం. నేరుగా వచ్చినది 18 వేలు, దాని ఊగిసలాట 1,900 (ఇళ్ళు విడివిడిగా ఎంచుకున్నట్టు అనుకుని మాస్టారు కట్టినది). ఇంటి కప్పు, గదులు, వాహనాలు, చదువు చూసి నగరం మొత్తానికి కట్టిన సూత్రం ఆరిలోవకి 22 వేలు అందనుకోండి, దాని ఊగిసలాట 1,500. రెండింటి వర్గాలు తీసి బరువు కడితే సర్వేకి 38 శాతం, సూత్రానికి 62 శాతం. కలిపితే సుమారు 20,500.

ఈ విద్యలో ప్రపంచమంతా గురువుగా చూసే జె.ఎన్.కె. రావు మన ఏలూరులో పుట్టినవారే. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే గణితం ఎం.ఏ. చేశారు. ఈ లెక్క మనకి పరాయిది కాదు.

కొండవాలు_అరుణ
గౌరవంగానే అడుగుతున్నాను దొరగారూ. నేను మెట్లెక్కి గుమ్మం గుమ్మం తిరిగి 18 వేలు అని తెచ్చాను. మీరు మా కొండ చూడకుండా దాన్ని 20,500 చేశారు. ఆ 2,500 ఎవరి జేబులో ఉంది? మా ఆయా జేబులో అయితే లేదు.

జాలరిపేట_పిల్ల
అరుణక్కతో నేను. మా పెద జాలరిపేట పక్కనే లాసన్స్ బే కాలనీ. వార్డు సగటు తీస్తే మేం కార్లలో తిరుగుతున్నట్టు ఉంటుంది. పక్కవాళ్ళ నుంచి అరువు అంటే మాకు భయం.

డేటా_దొర
ఆ భయం న్యాయమైనదే. సూత్రం కట్టేటప్పుడు కొండవాలు ఇంటికి, అపార్టుమెంటుకి తేడా తెలిసే ఆనవాళ్ళు అందులో లేకపోతే అది పేదవాళ్ళని పైకి, ఉన్నవాళ్ళని కిందకి, అందర్నీ మధ్యకి లాగేస్తుంది. వార్డు మొత్తానికి కాకుండా ఎన్యూమరేషన్ బ్లాకు స్థాయిలో, అంటే ఇంచుమించు 120–150 ఇళ్ళకి ఒక లెక్కన చేస్తే పేట వేరు, కాలనీ వేరు అవుతాయి.

ఇంకో మాట. అరుణగారు ఇళ్ళు పెంచితే ఆమె మాటకే బరువు పెరుగుతుంది. 160 ఇళ్ళయితే ఊగిసలాట 950కి దిగుతుంది, సర్వే బరువు 71 శాతం అవుతుంది, జవాబు 19,100 దగ్గర ఆగుతుంది. అంకె మారడం మీ మీద అపనమ్మకం కాదు. 40 ఇళ్ళ సమాచారం మీద ఎంత నిలబడగలమో అంతే నిలబడుతున్నాం.

ఉక్కునగరం_రిటైర్డ్
సగటు గొడవ వదిలేసి మధ్య ఇంటి సంగతి చెప్పండి అంటాను నేను. పది ఇళ్ళు. తొమ్మిదింట్లో 15 వేలు, ఒకదాంట్లో 3 లక్షలు. సగటు 43,500. ఆ డబ్బు వచ్చే ఇల్లు ఆ వీధిలో ఒక్కటీ లేదు. వరసలో నిలబెట్టి మధ్య ఇంటిని అడిగితే 15 వేలు. దాతలకి చెప్పాల్సింది ఆ మధ్య ఇంటి గురించి.

గాజువాక_బుల్లెట్
ఇది నాకు అర్థమైంది. మా వీధిలో ఆ 3 లక్షల ఇల్లు ఎవరిదో కూడా తెలుసు. వినాయక చవితి చందా మాత్రం అందరికంటే తక్కువ ఇస్తారు.

మురళీనగర్_మామ్మ
చందా రాసేటప్పుడు ఒక ఆదాయం, కార్డుకి రాసేటప్పుడు ఒక ఆదాయం, పెళ్ళి సంబంధానికి ఒక ఆదాయం. మూడూ ఒక్క మనిషివే నాయనా.

పాతపోస్టాఫీసు
మామ్మగారు నవ్వుతూ చెప్పినదానికి పెద్ద చరిత్ర ఉంది. మన దేశంలో ఆదాయం సర్వే చెయ్యాలని 1950ల నుంచి ప్రయత్నాలు జరిగాయి. 1983-84లో ప్రయోగాత్మకంగా చూస్తే జనం చెప్పిన ఆదాయం, వాళ్ళు చెప్పిన ఖర్చూ పొదుపూ కలిపినదానికంటే తక్కువ వచ్చింది. దేశవ్యాప్త సర్వేగా ముందుకి పోలేదు. మళ్ళీ ఇప్పుడు సుర్జీత్ భల్లా ఆధ్వర్యంలో నిపుణుల బృందాన్ని వేసి, 2026 ఫిబ్రవరి నుంచి జాతీయ గృహ ఆదాయ సర్వే మొదలుపెడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. దానికి ముందు ప్రశ్నలు పరీక్షించి చూస్తే ఆదాయపన్ను గురించి అడిగినవాటికి ఎక్కువమంది జవాబు చెప్పలేదు. కాబట్టి అరుణగారూ, నేరుగా "నెలకెంత" అని అడగొద్దు. ఎవరూ చెప్పరు, చెప్పినా కార్డు పోతుందన్న భయంతో తగ్గించి చెప్తారు. పట్టణంలో బియ్యం కార్డుకి నెలకి 12 వేలు హద్దు అని ఊరందరికీ తెలుసు. 12 వేల కింద కుప్పగా జవాబులు వస్తే అది ఆదాయం కాదు, ఆ హద్దు.

కొండవాలు_అరుణ
అమ్మో. మా 40లో 17 ఇళ్ళు "పదకొండు, పన్నెండు" అన్నాయి. ఇప్పుడు అర్థమైంది.

మరి ఏమడగాలి?

మురళీనగర్_మామ్మ
వంటింట్లోకి వెళ్ళి కూర్చో. మా డాబా మీద పిల్ల గోడ మీద బొగ్గుతో గ్యాసు తారీకు రాసుకుంటుంది. పైన మార్చి 4, దాని కింద ఏప్రిల్ 29, దాని కింద జూన్ 20. సిలిండర్ ఎన్నాళ్ళు వస్తోందో గోడే చెప్తుంది. చెల్లెలు కాన్పుకొచ్చి రెండు నెలలుంటే ఆ సిలిండర్ 38 రోజులకే అయిపోయింది, అదీ గోడ మీదే ఉంది. రోజుకి కుక్కర్లో ఎన్ని గ్లాసుల బియ్యం పోస్తారో అడుగు. పాలపాకెట్లు ఎన్నో అడుగు. మనుషుల లెక్క దాచినా బియ్యం లెక్క ఎవరూ దాచరు.

పాతపోస్టాఫీసు
ఇంతకంటే మంచి శిక్షణ నేనెప్పుడూ ఇవ్వలేదు. దీనికి చీటీ, గ్రూపు లోను వాయిదా, స్కూలు ఫీజు, అద్దె, ఊరికి పంపే డబ్బు చేర్చండి. ఖర్చు కూడితే ఆదాయం నీడ కనిపిస్తుంది. కుదవపెట్టిన బంగారం కూడా అడగండి. అప్పుతో నడిచిన నెల ఖర్చుని ఆదాయం అనుకోకూడదు.

మధురవాడ_ఫ్లాట్303
మనుషుల సంఖ్యకి ఇంకో దారి ఉంది. కరెంటు కనెక్షన్లు లేదా ఇంటి పన్ను అసెస్‌మెంట్లు తీసుకుని, వాటిలో మనుషులున్న ఇళ్ళ శాతం, ఇంటికి సగటు మనుషులు గుణిస్తారు. మా దగ్గర ఇది కుదరలేదు. మా అపార్టుమెంటులో 40 ఫ్లాట్లు. దసరా సెలవులు కాని మామూలు రోజున రాత్రి ఎనిమిదికి కింద నిలబడి చూశాను, 13 చీకటి. పెట్టుబడికి కొని తాళం వేసినవి. 40ని నాలుగుతో గుణిస్తే 160 మంది. వాచ్‌మన్ లెక్క 88.

డేటా_దొర
303గారు చెప్పినదాని తిరగేసిన బొమ్మ ఆరిలోవ. అక్కడ అసెస్‌మెంట్ ఒకటి, పొయ్యిలు మూడు. ఒకే నగరంలో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ లెక్క వస్తుంది. సగటున సరిపోయిందని సంతోషించడానికి లేదు.

ఇంటి పరిమాణం, ఆదాయం రెండూ కలిపి కావాలంటే ఇంకో పాత పద్ధతి ఉంది. డెమింగ్, స్టెఫాన్ 1940లో అమెరికా జనగణన పని కోసం రాసింది. కాగితం మీదే చెయ్యొచ్చు. పెద్ద సర్వే నుంచి ఒక చిన్న పట్టిక తీసుకోండి: చిన్న కుటుంబాల్లో తక్కువ ఆదాయం 60, ఎక్కువ 40, పెద్ద కుటుంబాల్లో 35, 15. మీ ప్రాంతంలో 100 ఇళ్ళకి చిన్నవి 55, పెద్దవి 45 అని తెలుసు. తక్కువ ఆదాయం 70, ఎక్కువ 30 అని ఇంకోచోట నుంచి తెలుసు. ముందు అడ్డం వరసలు 55, 45 అయ్యేలా పెంచండి తగ్గించండి: 33, 22, 31.5, 13.5. ఇప్పుడు నిలువు వరసలు 70, 30 అయ్యేలా: 35.8, 18.6, 34.2, 11.4. అడ్డం మళ్ళీ చూస్తే 54.4, 45.6. దాదాపు సరిపోయింది. ఇంకోసారి తిప్పితే కుదురుకుంటుంది. పెద్ద కుటుంబాలకీ ఆదాయానికీ ఉన్న సంబంధం సర్వే నుంచి వచ్చింది, మొత్తాలు మీ ఊరివి.

గాజువాక_బుల్లెట్
దొరగారూ, ఇది అమ్మ ఇడ్లీ పిండికి నీళ్ళు, పప్పు సరిచేసినట్టే ఉంది. నాకు ఎక్కింది.

జాలరిపేట_పిల్ల
అరుణక్కా, ఒకటి అడగాలి. మీరు ఇళ్ళకి ఏ టైములో వెళ్ళారు?

కొండవాలు_అరుణ
నాకు సాయంత్రం డ్యూటీ కాబట్టి పొద్దున పదిన్నర, పదకొండుకి. తాళం ఉన్న ఇళ్ళు వదిలి పక్కింటికి వెళ్ళాం.

జాలరిపేట_పిల్ల
పదకొండుకి తాళం ఉన్న ఇల్లంటే ఇద్దరూ పనికి పోయినవాళ్ళు. శిశు కేంద్రం కావాల్సింది వాళ్ళకే కదా అక్కా.

కొండవాలు_అరుణ
చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిజమే. నేను ఎవరి కోసం తిరిగానో వాళ్ళనే వదిలేశాను.

లెక్కల_మాస్టారు
అమ్మా, బాధపడకండి, ఇది సరిచేసుకోవచ్చు. ముందు మీ పరిధి గీసి అందులో పొయ్యిలన్నిటికీ జాబితా రాయండి. 600 వచ్చాయనుకోండి. 60 ఇళ్ళు చాలు. 1 నుంచి 10 లోపు ఒక చీటీ తీయండి. 4 వస్తే 4, 14, 24... అలా ప్రతి పదో పొయ్యి. ఒకే సందులో పది వరసగా రావు, రిటైర్డ్‌గారి క్వార్టర్ల చిక్కు తీరుతుంది. తాళం ఉంటే పక్కింటికి వెళ్ళొద్దు. రాత్రి ఏడుకి ఒకసారి, ఆదివారం ఒకసారి మళ్ళీ అదే గుమ్మం. మూడుసార్లయినా దొరక్కపోతే "దొరకలేదు" అని రాయండి, అదీ ఒక సమాచారమే.

కొండవాలు_అరుణ
నాలుగు ఆదివారాలు పట్టింది. చెప్పాలని వచ్చాను.

జాబితాలో 612 పొయ్యిలు తేలాయి. చీటీలో 7 వచ్చింది. 7, 17, 27 అలా వెళ్తే 61 ఇళ్ళు. రెండు ఇళ్ళు ఎన్నిసార్లు వెళ్ళినా దొరకలేదు. 59 ఇళ్ళలో 254 మంది, ఇంటికి 4.3. కార్డుల మీద చూస్తే తక్కువమందే ఉన్నారు. చాలామంది కార్డు ఇంకా శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలోనే ఉంది, పుట్టిన పిల్లల్ని ఇంకా ఎక్కించలేదు. మామ్మగారు చెప్పినట్టు గ్లాసులతో మొదలుపెట్టాం. ఒకావిడ "ఏడు గ్లాసులు" అని, మేం ఐదుగురి పేర్లు రాస్తుంటే తనే ఆపి, "ఆగండి, పెద్దాడు రాత్రి డ్యూటీ, పగలు పడుకుంటాడు, రాయలేదు మీరు" అంది.

ఖర్చులు కూడితే మధ్య ఇంట్లో నెలకి 19 వేలు. తాళం ఉన్న ఇళ్ళలో రెండు జీతాలు వస్తాయి కాబట్టి ఎక్కువ ఉంటుందనుకున్నాను. ఉంది, కానీ పిల్లల్ని చూసుకునే ముసలమ్మలకి నెలకి రెండు, మూడు వేలు ఇస్తున్నారు. ఆ అంకె ఏ లెక్కలోనూ లేదు. దాతలకి అదే మొదటి వరసలో పెట్టాను. పక్కన అటూ ఇటూ ఎంతో, ఏ నెలలో అడిగామో, దొరకని రెండు ఇళ్ళ సంగతీ రాశాను. దొరగారు సూత్రం అంకె వేరే వరసలో పెట్టి ఇచ్చారు, రెండూ పంపాను.

డేటా_దొర
మీ అంకె పక్కన నాది చూసుకున్నాను. మీది ముందుండాలి.

ఉక్కునగరం_రిటైర్డ్
ఆ ముసలమ్మల లెక్క చాలా పెద్ద విషయం అరుణమ్మా. గది సున్నానికి నా వంతు రాసుకో.

కొండవాలు_అరుణ
ఒక సందేహం ఉండిపోయింది పాతపోస్టాఫీసుగారూ. 347వ పొయ్యి, 357వ పొయ్యి. అత్తాకోడళ్ళు వేరుగా వండుకుంటున్నారు. రెండేళ్ళ బాబు పొద్దున నాయనమ్మ దగ్గర తింటాడు, రాత్రి అమ్మ దగ్గర తింటాడు. ఇద్దరూ "మా వాడే, మా దగ్గరే రాయండి" అన్నారు. ఇద్దరి దగ్గరా రాసేశాను.

పాతపోస్టాఫీసు
రాత్రి తిని పడుకునే చోట రాయండి. నాయనమ్మ దగ్గర కొట్టెయ్యండి, ఆవిడకి చెప్పకండి. 253.